ఈటింగ్ డిజార్డర్ (తిండి, బరువు గురించిన భయాలతో తినే తీరు దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లు బరువు పెరిగితే నయమైపోయినట్టేనా?

కాదు, బరువు మామూలుకు రావడం కోలుకోవడంలో ఒక భాగం మాత్రమే. ఒళ్లు కొన్ని నెలల్లో తేరుకున్నా, లావైపోతానన్న భయం, తిన్నాక తప్పు చేశానన్న బాధ పోవడానికి చాలాసార్లు ఏళ్లు పడుతుంది, అందుకే డాక్టరుతో పాటు కౌన్సెలింగ్, ఇంట్లోవాళ్ల తోడు కూడా కావాలి.

ఉదాహరణకు కడపలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే అమ్మాయి సెలవులకు ఇంటికొచ్చి అందరితో కూర్చుని సంగటి తింటుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ తిన్న వెంటనే బాత్‌రూంలోకి వెళ్లి వాంతి చేసుకుంటోందంటే జబ్బు ఇంకా ఉన్నట్టే, పైగా పదే పదే అలా చేస్తే ఒంట్లో పొటాషియం పడిపోయి గుండె లయ దెబ్బతినొచ్చు. ఇది చిన్న విషయం కాదు.

చాలామంది దీన్ని మొండితనం అనుకుని "నోరు మూసుకుని తిను" అని కసురుతారు. ఇది మానసిక జబ్బు, మగపిల్లలకూ వస్తుంది, తిడితే దాచడం ఎక్కువవుతుంది. పక్కన కూర్చుని తినండి, ఒళ్లు గురించి మాట్లాడకండి. ఎవర్ని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం కూడా ఉంది.