బ్రిటన్ జనానికి నాయకుల మీద ఎందుకంత కోపం? – మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో బ్రిటన్ గురించి అడిగినవే ఎక్కువ. పిల్లలు అక్కడ ఉన్న తల్లిదండ్రులు రాసినవి కొన్ని, ఎకనామిక్స్ చదివే పిల్లలు రాసినవి కొన్ని. అందుకే ఈ వారం పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి లెస్టర్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. పార్ట్‌టైం చేసే షాపులో అక్కడివాళ్లు రోజూ రాజకీయ నాయకుల్ని తిట్టుకుంటూ ఉంటారట, ఏ పార్టీ వచ్చినా ఒకటే అంటారట. అంత డబ్బున్న దేశంలో జనానికి అంత కోపం ఎందుకండీ?
– ఒక తండ్రి, నెల్లూరు

జవాబు: మీ అబ్బాయి విన్నది ఆ ఒక్క షాపులో మాటే కాదండీ. బ్రిటిష్ సోషల్ ఆటిట్యూడ్స్ అని అక్కడ ఏళ్ల తరబడి చేస్తున్న పెద్ద సర్వే ఒకటుంది. ప్రభుత్వాలు తమ పార్టీ లాభం కన్నా దేశం అవసరాన్ని ముందు చూస్తాయని నమ్ముతారా అని 2023లో అడిగితే, దాదాపు ఎప్పుడూ నమ్మం అన్నవాళ్లు 45 శాతం. ఆ సర్వేలో అప్పటిదాకా అంతమంది ఆ మాట అనలేదు.

ఈ కోపం ఒక్క రోజులో పుట్టలేదు. 2008లో బ్యాంకులు కూలినప్పుడు ఒక్క రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్‌ను నిలబెట్టడానికే ప్రభుత్వం 4,500 కోట్ల పౌండ్లు పెట్టింది. జనం పళ్లు బిగబట్టి ఊరుకున్నారు. మరుసటి ఏడాది మే నెలలో ఎంపీల ఖర్చుల బిల్లులు పత్రికలో వరసగా బయటపడ్డాయి. తన చెరువులో బాతుల కోసం కట్టించిన గూటికి ఒకాయన బిల్లు పెట్టాడు, ఇంటి చుట్టూ ఉన్న కందకం శుభ్రం చేయించిన ఖర్చు ఇంకొకాయన లెక్కలో చూపించాడు. ఉద్యోగం పోయి ఇంటి లోను కట్టలేక కూర్చున్న మనిషి పొద్దున్నే ఆ పేపరు చదివితే ఎలా ఉంటుందో ఆలోచించండి. స్పీకరే రాజీనామా చేయాల్సి వచ్చింది.

ఆ తర్వాత 2010 ఎన్నికలు. యూనివర్సిటీ ఫీజులు పెంచే బిల్లుకు వ్యతిరేకంగా ఓటేస్తామని లిబరల్ డెమోక్రాట్లు సంతకాలు పెట్టి మరీ చెప్పారు. ఎన్నికల తర్వాత కన్సర్వేటివ్ పార్టీ నాయకుడు కామెరాన్‌తో కలిసి ప్రభుత్వంలో చేరారు, ఆ డిసెంబరులోనే ఫీజు పరిమితిని 9,000 పౌండ్లకు పెంచే ఓటు నెగ్గింది, అంటే ఉన్నదానికి దాదాపు మూడింతలు. లిబరల్ డెమోక్రాట్ల నాయకుడు నిక్ క్లెగ్ 2012లో క్షమాపణ చెప్పాడు. 2015లో ఆ పార్టీకి ఉన్న 57 సీట్లలో 8 మాత్రమే మిగిలాయి. ఓటర్లు పార్టీని శిక్షించారు గానీ ఫీజు మాత్రం వెనక్కి తగ్గలేదు, అప్పు పిల్లల నెత్తినే ఉండిపోయింది.

దీని మీద నా అభిప్రాయం ఒకటే. జనం కష్టాన్ని ఓర్చుకుంటారు. యుద్ధకాలంలో రేషన్‌ను ఓర్చుకున్న దేశం అది, కరోనాలో అయినవాళ్ల అంత్యక్రియలకు పదిమంది కూడా లేకుండా ఓర్చుకుంది. ఎవరు ఎంత మోయాలో ముందుగా చెప్పకుండా, ఎన్నికలప్పుడు ఒక లెక్క, గెలిచాక ఇంకో లెక్క చూపిస్తేనే మనసు విరుగుతుంది. కరోనా నిబంధనలు పెట్టిన ప్రధాని కార్యాలయంలోనే విందులు జరిగాయని తేలి, 2022 ఏప్రిల్‌లో అప్పటి ప్రధాని బోరిస్ జాన్సన్‌కు, అప్పటి ఆర్థిక మంత్రి రిషి సునాక్‌కు పోలీసులు జరిమానా వేశారు కదా, జరిమానా చిన్నదే, మనసులు విరిగింది మాత్రం చాలా లోతుగా.

ప్రశ్న: దుప్పటి ఉన్నంతవరకే కాళ్లు చాపుకోవాలని మా అమ్మ చెప్పేది, నేనూ ఇల్లు అలాగే నడుపుతాను. బ్రిటన్ ప్రభుత్వం 2010 తర్వాత ఖర్చులు తగ్గిస్తే అది తప్పని ఎందుకంటున్నారు? అప్పుల్లో ఉన్నప్పుడు పొదుపు చేయడం తప్పెలా అవుతుంది?
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: అమ్మా, సరిగ్గా ఇదే మాట చెప్పి అప్పటి ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్ జనాన్ని ఒప్పించాడు. 2009–10లో లోటు, అంటే ఆదాయానికి మించి ప్రభుత్వం పెట్టే ఖర్చు, జీడీపీలో సుమారు 10 శాతం ఉండేది. ఇంట్లో క్రెడిట్ కార్డు పరిమితి దాటిపోతే ఏం చేస్తామో దేశమూ అదే చేయాలన్నారు, అందరికీ తెలిసిన మాట కాబట్టి వెంటనే ఎక్కింది.

కానీ ఇంటికీ ప్రభుత్వానికీ ఒక పెద్ద తేడా ఉంది. మీరు ఈ నెల అర లీటరు పాలు తగ్గించుకుంటే పాలవాడికి కాస్త నష్టం, మీ ఇంటికి వచ్చే జీతంలో తేడా రాదు. ప్రభుత్వం ఒకేసారి వేలమంది పాలవాళ్ల దగ్గర కొనడం మానేస్తే వాళ్ల ఆదాయం పడిపోతుంది, వాళ్లు కట్టే పన్ను పడిపోతుంది, ఆ పన్నే ప్రభుత్వానికి జీతం. తను చేసిన పొదుపు తన జీతాన్నే కోసేస్తుంది. జనం భయపడి ఖర్చు మానేసిన రోజుల్లో ప్రభుత్వం కూడా మానేస్తే దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. కీన్స్ అనే ఆర్థికవేత్త 1930ల్లో మొత్తుకున్నది ఇదే.

పైగా అప్పుడు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వడ్డీ 0.5 శాతమే. అంత చవగ్గా అప్పు పుడుతున్నప్పుడు ఆస్పత్రి భవనాలు, రైళ్లు, ఇళ్ల మీద పెట్టుబడి తగ్గించడం పెద్ద పొరపాటని నేను గట్టిగా నమ్ముతాను. 2011 జనవరిలో వ్యాట్‌ను 17.5 నుంచి 20 శాతానికి పెంచారు, అది పేదవాడూ కట్టాలి, ఉన్నవాడూ కట్టాలి. స్థానిక సంస్థలకు ఇచ్చే డబ్బు ఏటా కోస్తూ పోయారు, లైబ్రరీలు, పిల్లల కేంద్రాలు మూతపడ్డాయి. ఇంతా చేస్తే 2015 నాటికి లోటు సుమారు సగమే తగ్గింది, దేశం అప్పు జీడీపీతో పోల్చి చూస్తే పెరిగింది. 2023–24లో ట్రస్సెల్ అనే సంస్థ ఫుడ్ బ్యాంకులు పంచిన ఆహార పొట్లాలు 31 లక్షలు. ఈ అంకె చదివినప్పుడల్లా నాకు మనసు పాడవుతుంది.

మీ అమ్మగారి మాట తప్పని మాత్రం అనుకోకండి. ప్రభుత్వానికీ దుప్పటి ఉంది, అది మన ఇంటి దుప్పటి కన్నా సాగుతుంది, అంతే. ఎక్కడ చిరుగుతుందో కింది జవాబు చూడండి.

ప్రశ్న: అప్పు చేస్తే తప్పు లేదంటారు, మరి ప్రధాని లిజ్ ట్రస్ అప్పు చేసి పన్నులు తగ్గిస్తానంటే 49 రోజుల్లో ఎందుకు దిగిపోవాల్సి వచ్చింది? మా క్లాసులో దీని మీద పెద్ద గొడవే అయింది సర్.
– బీఏ విద్యార్థి, వరంగల్

జవాబు: మంచి గొడవే పెట్టుకున్నారు. 2022 సెప్టెంబర్ 23న ఆర్థిక మంత్రి క్వాసీ క్వార్టెంగ్ ఏడాదికి సుమారు 4,500 కోట్ల పౌండ్ల పన్ను కోతలు ప్రకటించాడు (పైన బ్యాంకుకు పెట్టిన మొత్తమూ ఇంతే, కాకతాళీయంగా కలిసింది). అందులో బాగా సంపాదించేవాళ్లు కట్టే 45 శాతం పన్నును ఎత్తేయడం కూడా ఉంది. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పలేదు. బడ్జెట్ లెక్కల్ని స్వతంత్రంగా పరీక్షించడానికి ఓబీఆర్ అనే సంస్థ 2010 నుంచీ ఉంది, దాని అంచనా లేకుండానే ప్రకటించేశారు. అంతకు కొద్ది రోజుల ముందే ఆర్థిక శాఖలో అందరికన్నా పెద్ద అధికారిని తీసేశారు. ధరలు చూస్తే అప్పటికే మండిపోతున్నాయి, ఆ అక్టోబరులో ద్రవ్యోల్బణం 11.1 శాతం.

అప్పు ఇచ్చేవాడు లెక్క చూపించమంటాడు, చూపించకపోతే వడ్డీ పెంచుతాడు. సోమవారం, 26న, పౌండు 1.03 డాలర్ల దగ్గరికి పడిపోయింది, అంత కిందికి అది ఎప్పుడూ పోలేదు. ప్రభుత్వ బాండ్లు, అంటే ప్రభుత్వం అప్పు తీసుకుని ఇచ్చిన పత్రాలు, తెగనమ్మడం మొదలైంది. అసలు ప్రమాదం పెన్షన్ ఫండ్ల దగ్గర దాక్కుని ఉంది. మన ఊళ్లో బంగారం కుదువ పెట్టి డబ్బు తీసుకోవడం మీకు తెలిసిందే. బంగారం రేటు ఒక్కసారిగా పడిపోతే అప్పిచ్చినవాడు ఇంకా బంగారం తెచ్చి పెట్టమంటాడు, చేతిలో డబ్బు లేకపోతే ఉన్న బంగారంలోనే కొంత అమ్మి కట్టాలి, ఊరంతా ఒకే రోజు అమ్మకానికి దిగితే రేటు ఇంకా పడుతుంది, ఇంకా తెమ్మంటాడు. బంగారం స్థానంలో ప్రభుత్వ బాండ్లు పెట్టి చూడండి, అదే జరిగింది. 28న బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ అడ్డుపడి, 6,500 కోట్ల పౌండ్ల దాకా బాండ్లు కొంటామంది. చివరికి 1,930 కోట్లతోనే సరిపోయింది, కొనేవాడు ఒకడున్నాడన్న ధైర్యం చాలా వరకు పని చేసింది.

ఆర్థిక మంత్రిని అక్టోబర్ 14న తీసేశారు, 20న ట్రస్ తనే రాజీనామా ప్రకటించింది. మధ్యలో రెండేళ్ల ఫిక్స్‌డ్ ఇంటి లోను వడ్డీ 6 శాతం దాటింది, ఆ వారంలో లోను మార్చుకోవాల్సి వచ్చిన కుటుంబాలు ఎంత టెన్షన్ పడి ఉంటాయో!

మీ క్లాసులో రెండు పక్షాలూ కొంత సరైనవే. అప్పు దేనికి, ఎలా తీరుస్తారు, ధరలు అప్పుడు ఎలా ఉన్నాయి అన్నవి చూడకుండా అప్పు మంచిదా చెడ్డదా అని వాదించుకుంటే తేలదు బాబూ.

ప్రశ్న: మన భారతీయ మూలాలున్న రిషి సునాక్ ప్రధాని అయ్యాడని సంబరపడ్డాం. ఆయన్నీ ఎందుకు ఓడించారు?
– కర్నూలు

జవాబు: ద్రవ్యోల్బణం తగ్గింది, మార్కెట్లు సద్దుమణిగాయి, అంతవరకు ఆయన కాలంలో జరిగింది. కానీ ఆయన వచ్చేసరికే ఆయన కన్సర్వేటివ్ పార్టీ 12 ఏళ్లు పాలించింది, ఇంగ్లండ్ ఆస్పత్రుల్లో వెయిటింగ్ లిస్టు 2023లో 77 లక్షల దాకా పోయింది. అందరికీ కనిపించని పని ఇంకోటి, 2021లో ఆర్థిక మంత్రిగా ఆయనే మొదలుపెట్టాడు: పన్ను లేని ఆదాయ పరిమితిని 12,570 పౌండ్ల దగ్గర ఆపేశారు. ధరలతో పాటు జీతం పెరుగుతుంది, పరిమితి పెరగదు, కాబట్టి పన్ను రేటు పెంచకుండానే పన్ను పెరుగుతుంది. దీన్ని తర్వాత గెలిచిన లేబర్ పార్టీ వాళ్లూ కొనసాగిస్తున్నారు.

ప్రశ్న: లేబర్ పార్టీ 2024లో అంత మెజారిటీతో గెలిచింది కదా, ఏడాది తిరక్కుండానే జనం వాళ్లనూ ఎందుకు తిట్టుకున్నారు?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, రాజమండ్రి

జవాబు: మాస్టారూ, 650లో 411 సీట్లు చూసి అందరూ పొరబడ్డారు. వచ్చిన ఓట్లు 34 శాతం లోపే, ఓటు వేయడానికి వచ్చినవాళ్లే 60 శాతం. జనం వాళ్లను నెత్తిన పెట్టుకోలేదు, పాతవాళ్లను దించారు.

కార్మికులు, ఉద్యోగుల మీద ఇన్‌కం ట్యాక్స్, నేషనల్ ఇన్సూరెన్స్ (పెన్షన్ లాంటి వాటి కోసం జీతాల మీద ఉద్యోగీ, యజమానీ కట్టేది), వ్యాట్ పెంచబోమని మాటిచ్చారు. గెలిచిన నెలలోనే ఖజానాలో 2,200 కోట్ల పౌండ్ల కంత కనిపించిందని చెప్పి, వృద్ధులకు చలికాలం హీటర్ల కోసం ఇచ్చే 200, 300 పౌండ్లను అతి తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకే పరిమితం చేశారు. దాదాపు కోటి మందికి ఆగిపోయింది. ఆ చలిదేశంలో ముసలివాళ్లతో మొదలుపెట్టడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. గొడవ పెద్దదై 2025 జూన్‌లో 35,000 పౌండ్ల లోపు ఆదాయం ఉన్న పెన్షనర్లకు తిరిగి ఇస్తామన్నారు. ఈలోగా 2025 ఏప్రిల్ నుంచి యజమానులు కట్టే నేషనల్ ఇన్సూరెన్స్‌ను 13.8 నుంచి 15 శాతానికి పెంచారు. ఉద్యోగి మీద పెంచలేదు కాబట్టి మాట తప్పలేదని ప్రభుత్వం వాదన. ఆ భారం వల్ల జీతం పెరగనివాడికి, ఉద్యోగం దొరకనివాడికి ఆ వాదన ఎలా ఎక్కుతుంది? ఆస్పత్రులకు డబ్బు కావాలి, అప్పుల మీద వడ్డీకే ఏటా 10,000 కోట్ల పౌండ్లు దాటుతోంది, పన్ను పెంచాల్సిందే అని ఎన్నికల ముందే చెప్పి ఉంటే కొన్ని సీట్లు తగ్గేవేమో, ఇంత కోపం మాత్రం ఉండేది కాదు.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు, మనవడు రెడింగ్‌లో ఉంటారు. అమ్మాయిది సాఫ్ట్‌వేర్, స్కిల్డ్ వర్కర్ వీసా. ఈ గొడవలన్నీ చివరికి వీసాల మీద పడతాయని అందరూ భయపెడుతున్నారు.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: కొంత ఇప్పటికే పడిందమ్మా. బయటి నుంచి వచ్చినవాళ్ల మీద భారం వేయడం నాయకులకు తేలిక. 2024 ఫిబ్రవరిలో హెల్త్ సర్‌చార్జిని (అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం వీసాతో పాటు కట్టే రుసుము) పెద్దవాళ్లకు ఏడాదికి 624 నుంచి 1,035 పౌండ్లకు పెంచారు, పిల్లలకు 776. మీ అమ్మాయి కుటుంబం మూడేళ్లకు వీసా తీసుకుంటే ఒక్క సర్‌చార్జే 8,538 పౌండ్లు, అదీ ముందుగానే కట్టాలి, జీతంలో కోసే పన్నులు మామూలుగానే ఉంటాయి. కొత్తగా వచ్చేవాళ్లకు జీతం కనీస పరిమితి 2024 ఏప్రిల్‌లో 26,200 నుంచి 38,700కు, 2025 జూలైలో 41,700కు పెంచారు. శాశ్వత నివాసానికి ఐదేళ్లు ఉన్నదాన్ని మామూలుగా పదేళ్లు చేయాలని 2025 మేలో ప్రతిపాదించారు.

వాట్సాప్‌లో వచ్చేవి నమ్మొద్దని, వీసాల సంగతి చూసే హోం ఆఫీస్ వెబ్‌సైట్‌లో ఉన్నదే చూడమని అమ్మాయికి చెప్పండి. పేస్లిప్పులు, పన్ను కాగితాలు అన్నీ ఒకచోట దాచమనండి. ఇండియాకు వచ్చి వెళ్లిన తేదీలు రాసి పెట్టుకోమనండి, శాశ్వత నివాసానికి అప్లై చేసేటప్పుడు ఏ 12 నెలల్లోనైనా 180 రోజులకు మించి బయట ఉండకూడదన్న లెక్క అడుగుతారు. మనవడి సెలవులకు టికెట్లు బుక్ చేసే ముందు అది ఒకసారి చూసుకుంటే చాలు, మీరు ఇక్కడ నిద్ర పాడుచేసుకోకండి.