ధర్నా అయిపోయిన మర్నాడు ఏం చేయాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. దేవరకొండ వైపు ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతారు. నీళ్ల కోసం ఊరంతా రోడ్డెక్కిన రోజు ముందు వరుసలో ఉన్నారు. నెల తిరిగేసరికి పక్కన ఎవరూ మిగలలేదు. ఉద్యోగం మానకుండా, రోజుకు అరగంటకు మించకుండా, ఏళ్ల తరబడి నిలిచేలా ఈ పని ఎలా చేయాలి? పార్టీలో చేరాలా, వద్దా?

నేను నల్లగొండ జిల్లా పడమటి వైపు ఒక మండల కేంద్రంలో జిరాక్సు దుకాణం నడుపుతాను. కార్యాలయాలకు వెళ్లే అర్జీల్లో సగం మా మిషను మీదుగానే పోతాయి. దానికి తోడు మా ఊళ్లో కొంతమందిమి కలిసి చాలా కాలంగా నీళ్లు, గ్రామసభ, ఓటరు జాబితా లాంటివి పట్టించుకుంటున్నాం. అరగంట చాలు. కాకపోతే అందులో ఎక్కువ భాగం ఎవరి కంటా పడని పని, చప్పట్లు ఉండవు. ముందూ వెనకా కాగితం లేని ధర్నా ఫోన్లో ఫొటోగా మిగులుతుంది, అంతే.

మొదటిది రాసిపెట్టడం. మా ఊళ్లో దీన్ని మొదలుపెట్టింది బట్టలు కుట్టే ఒక అక్క. ఆమె మిషనుకు ఎదురుగా గోడ మీద కిరాణా కొట్టు వాళ్లు పంచిన పెద్ద గళ్ల క్యాలెండరు ఉంటుంది. నల్లా వచ్చిన రోజు గడిలో నీలం గీత, దాని పక్కన వచ్చిన వేళ, ఆగిన వేళ. రాని రోజు ఎర్ర ఇంటూ మార్కు. తిథులు, వర్జ్యాలు, దుర్ముహూర్తాల మధ్య మిగిలిన కాస్త జాగాలోనే చిన్న అక్షరాలతో ఇదంతా రాసేది. జాకెట్ల కొలతలు రాసుకునే పెన్నే దీనికీ. రోజుకు పట్టేది అర నిమిషం.

మర్రిగూడ, మునుగోడు, చండూరు చుట్టుపక్కల పుట్టినవారికి ఇది ఎందుకో చెప్పనక్కర్లేదు. ఇతర జిల్లాల వారు కూడా చదువుతారు కాబట్టి చెబుతున్నాను. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా అనుమతించవచ్చని జాతీయ ప్రమాణం. మా వైపు బోర్లలో అంతకు మించినవి ఎన్నో ఉన్నాయి. ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు. నల్లా నాలుగు రోజులు రాకపోతే జనం ఎవరికీ చెప్పకుండానే బోరు బిందెకు మళ్లుతారు. దస్త్రాల్లో మాత్రం ‘సరఫరా సక్రమం’ అనే ఉంటుంది. ఆ నాలుగు రోజులు ఎక్కడా నమోదు కావు. మా వైపు ఫ్లోరైడుతో వంగిపోయిన కాళ్లు, బిగుసుకుపోయిన మెడలు ఒక్క రోజులో వచ్చినవి కావు. ఇలా లెక్కలోకి రాని రోజులన్నీ కలిసే వాటిని తెచ్చాయి.

కొన్ని నెలల క్యాలెండరు పేజీలు మా దుకాణంలోనే జిరాక్సు తీసి, అర్జీకి జతచేసి కార్యాలయానికి తీసుకెళ్లాం. అక్కడి అధికారి పేజీలు తిప్పి, ‘ఇది ఎవరు రాశారు, ఇప్పుడు కూర్చుని గీసుకొచ్చారా’ అన్నాడు. అక్క ఒక ఎర్ర ఇంటూ మీద వేలు పెట్టి, ‘ఆ రోజు మా మరిది పెళ్లి సార్, ట్యాంకరుకు డబ్బులు మేమే కట్టాం, రసీదు తెమ్మంటారా’ అంది. ఆయన ఇంకేమీ మాట్లాడలేదు. తర్వాత వాల్వు తిప్పే వేళలు గోడ మీద రాశారు, కింది వాడకు నీళ్లు వేళకు వస్తున్నాయి. ఎగువ వాడలో ఇప్పటికీ ఎర్ర గుర్తులు పడుతూనే ఉన్నాయి. అందుకే క్యాలెండరు ఇంకా గోడ మీదే ఉంది.

ఇక్కడే మా జిల్లా పేరు మీద ఉన్న ఒక సంగతి చెప్పాలి. నీటిలో ఫ్లోరైడు తీయడానికి ‘నల్లగొండ పద్ధతి’ అని ఒకటుంది, నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించింది. నీటిలో పటిక, సున్నం వేసి, కలియబెట్టి, తేరనిచ్చి, వడగట్టడమే. ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. కానీ నీటిని బట్టి పటిక మోతాదు చూసుకుంటూ, అడుగున చేరిన మడ్డి తీసేస్తూ రోజూ ఒక మనిషి దాన్ని కనిపెట్టుకుని ఉండాలి. ఆ మనిషి లేకపోతే ఎంత శాస్త్రమున్నా అది ఉత్త తొట్టే.

నల్లగొండ ఉద్యమం అనగానే అందరూ 1996 లోక్‌సభ ఎన్నికల గురించి చెబుతారు. ఫ్లోరైడు గోస దేశానికి తెలియాలని జల సాధన సమితి పిలుపుతో జనం పోటీపడి నామినేషన్లు వేశారు. బరిలో 480 మంది మిగిలారు. బ్యాలెట్ కాగితం పుస్తకమైంది, పోలింగు వాయిదా పడింది. అది గొప్ప రోజే, కాదనను. కానీ ఆ 480 నామినేషన్ల వెనక ఎంత చాకిరీ ఉందో ఎవరూ చెప్పరు. ప్రతి మనిషికీ ఓటరు జాబితాలో పేరు వెతకాలి, పత్రం తప్పుల్లేకుండా నింపాలి, ప్రతిపాదకుడి సంతకం తేవాలి, 500 రూపాయల డిపాజిట్టు కూర్చాలి. ఎవరో లాంతరు ముందో, ట్యూబులైటు కిందో కూర్చుని చేసిన పనే అది. ఆ తర్వాత డిపాజిట్టును 10,000 రూపాయలకు పెంచారు. నీళ్ల కంటే ముందు చట్టమే కదిలింది చూడండి.

రెండోది రసీదు. అర్జీ ఎప్పుడూ రెండు ప్రతులు. ఒకటి వాళ్లకు, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకుని మీకు. సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్లినా అంతే, ఇచ్చిన చీటీ పారేయకండి. ముద్ర లేని అర్జీ ఇచ్చినట్టే కాదని మా దుకాణానికి వచ్చేవారికి చెప్పి చెప్పి నా గొంతు అరిగింది. ఏ అర్జీకి ఏ తేదీన జవాబు రావాలో పుస్తకంలో ముందుగానే రాసుకోండి, ఆ తేదీ రాగానే రెండోది పెట్టండి. కోపం అక్కర్లేదు. ‘ఫలానా తేదీన ఇచ్చిన నా అర్జీ’ అని మొదలుపెడితే చాలు, అవతలి మనిషి కూర్చునే తీరే మారుతుంది.

సమాచార హక్కు దరఖాస్తు కూడా ఇలాంటిదే. మన దగ్గర గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు 30 రోజులు. రాకపోతే 30 రోజుల్లోగా మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా సమాచార కమిషనుకు రెండోది. ఇవన్నీ చాలామందికి తెలుసు. తెలియనిది అడిగే పద్ధతి. ‘మా ఊరికి నీళ్లు ఎందుకు రావడం లేదు’ అని రాస్తే అది ప్రశ్న అవుతుంది, సమాచారం కాదు. తేలిగ్గా తప్పించుకుంటారు. ‘ఫలానా నెలలో మోటారు మరమ్మతుకు చెల్లించిన బిల్లు నకలు ఇవ్వగలరు’ అని రాస్తే తప్పించుకునే దారి తక్కువ. ఒక దరఖాస్తులో ఒకటి రెండు కాగితాలకు మించి అడగకండి.

గ్రామసభ సంగతి. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకు ఒకసారైనా జరగాలి. చాలా ఊళ్లలో అది రిజిస్టరులో జరుగుతుంది. సంతకాల పుస్తకం ముందు ఇళ్ల మీదికి వస్తుంది, తీర్మానం తర్వాత పుడుతుంది. మీరు చేయాల్సిందల్లా ఖాళీ పేజీ మీద సంతకం పెట్టకపోవడం. సభకు వెళ్లండి, పోయినసారి తీర్మానాలు చదివి వినిపించమని అడగండి, రాసింది పూర్తయ్యాకే సంతకం చేయండి, ఆ పేజీని ఫోనుతో ఫొటో తీసుకోండి. ఒక్కరు అడిగితే గొడవ అంటారు, నలుగురు ఒకేలా అడిగితే పద్ధతి అవుతుంది. 2024 ఫిబ్రవరిలో పాత పాలకవర్గాల గడువు ముగిశాక 2025 డిసెంబరు ఎన్నికల దాకా ఊళ్లలో ప్రత్యేకాధికారులే ఉన్నారు కదా. నిలదీయడానికి సర్పంచే లేడు. అరవడం మాత్రమే తెలిసిన సంఘాలు ఆ కాలంలో చప్పబడిపోయాయి. కాగితం అలవాటున్న ఊళ్లలో మాత్రం పని సాగింది.

అన్నట్టు, పంచాయతీ కార్యదర్శి మీద విరుచుకుపడకండి. పాపం వాళ్లలో చాలామంది మీ వయసు పిల్లలే. పై నుంచి వచ్చే ఫోన్లతోనే వాళ్లకు తెల్లారుతుంది.

ఓటరు జాబితా గురించి పాలమూరు వాళ్ల దగ్గర నేర్చుకోవాలి. మా మేనత్త కొడుకు కోస్గి దగ్గర ఉంటాడు. అక్కడి నుంచి కుటుంబాలకు కుటుంబాలే ముంబై, పుణె వైపు పనికి పోతాయి. ఇంటికి తాళం కనిపించగానే ‘స్థానికంగా లేరు’ అని పేరు తీసేయడానికి ఎవరో ఒకరు ఫారం 7 పెడతారు. అతడు రోజూ రాత్రి అన్నం తిన్నాక జాబితాలో రెండు పేజీలు చదువుతాడు. తాళం వేసిన ఇళ్ల వాళ్ల ఫోను నెంబర్లు ఒక పుస్తకంలో ఉంటాయి. పేరు పోయినట్టు కనిపిస్తే ఆ రాత్రే ఫోను చేస్తాడు. పని కోసం కొంతకాలం ఊరు విడిచినంత మాత్రాన ఆ మనిషి స్థానికుడు కాకుండా పోడని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షనులోనే ఉంది. ఆ వాక్యాన్ని అతడు కాగితం మీద రాయించి జేబులో పెట్టుకు తిరుగుతాడు. ఇప్పుడు కొత్త పేర్లకు అర్హత తేదీలు ఏడాదికి నాలుగు: జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల ఒకటో తేదీలు. కాబట్టి ఇది ఎన్నికల ముందు హడావుడిగా చేసే పని కాదు. పంచాయతీ ఎన్నికల జాబితా కూడా అసెంబ్లీ జాబితా నుంచే తయారవుతుందని మరవకండి. అక్కడ పేరు పోతే ఇక్కడా పోయినట్టే.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది. ఈ పనులు నాలుగు నేర్చుకోగానే ఊరు మీ ఇంటికి వస్తుంది. పింఛను, రేషను కార్డు, పట్టా పాసు పుస్తకం. ‘మీరే చూసి పెట్టండి, మీకు తెలుసు కదా’ అంటారు. సంతోషంగానే ఉంటుంది. అలా రెండేళ్లు గడిస్తే మీరు పైరవీకారు అయిపోతారు. డబ్బు తీసుకోని పైరవీకారైనా పైరవీకారే. మీకు జ్వరమొస్తే ఊరి పని ఆగిపోతుంది. మిమ్మల్ని కొనేస్తే ఊరిని కొన్నట్టే, ఆ సంగతి మీకంటే ముందు నాయకులకు తెలుస్తుంది. అందుకే మా దగ్గర ఒక కట్టుబాటు ఉంది. అర్జీ రాసిపెడతాం, కానీ కార్యాలయానికి ఆ మనిషే రావాలి, తన నోటితోనే చెప్పాలి, రసీదు తన చేతికే తీసుకోవాలి. మేము పక్కన నిలబడతాం. మొదట్లో దీనికి చాలామంది అలిగారు. ‘ఇంత మాత్రానికి మీరెందుకు’ అని ఒక పెద్దాయన నా ముఖం మీదే అన్నాడు. ఇప్పుడు ఆయనే తన వాడలో వాళ్లను వెంటబెట్టుకుని సోమవారం బస్సెక్కుతున్నాడు, నా దుకాణానికి జిరాక్సు కోసం తప్ప రాడు.

డబ్బు విషయం. చిన్న మొత్తమైనా నెలనెలా చందా పెట్టుకోండి. ఎవరి దగ్గరా పెద్ద విరాళం తీసుకోకండి. నిజాం కాలంలో తెలంగాణ జనం సంఘమైన ఆంధ్ర మహాసభ 1944లో భువనగిరి సభలో సభ్యత్వ రుసుమును తగ్గించింది, పేద రైతు సంఘంలోకి వచ్చింది ఆ తలుపులోంచే. మేము నెలకు ఇరవై రూపాయలు అనుకున్నాం. జిరాక్సులకు, బస్సు చార్జీలకు సరిపోతాయి. నెలాఖరున లెక్క పైకి చదువుతాం, టీ ఖర్చుతో సహా.

వాట్సాప్ గ్రూపు ఉండాలి గానీ రోజుకు ఒక్క సందేశం చాలు, అది కూడా కాగితం ఫొటో. శుభోదయాలు, పార్టీ వీడియోలు పెట్టే వారిని మొహమాటం లేకుండా వారించండి. వారంలో ఒక రోజు ఈ పని ముట్టుకోకండి. ఇంట్లో వాళ్లు దీన్ని ద్వేషించడం మొదలుపెడితే మీరు ఎంతో కాలం చేయలేరు. ఇంకో మాట: మన ఊళ్లలో ఎదిరించాల్సిన సర్పంచి సాధారణంగా మన చుట్టమే అయి ఉంటాడు. గ్రామసభలో అడగాల్సింది అడిగి, సాయంత్రం వాళ్లింటి పెళ్లికి వెళ్లి భోజనం చేసి రండి. వెళ్లకపోతే మీరు అడిగిందంతా పాత కక్షల ఖాతాలో పడుతుంది.

పార్టీలో చేరాలా అన్నారు. చేరాలనిపిస్తే చేరండి, అందులో తప్పేమీ లేదు. మా పది పన్నెండు మందిలోనే మూడు పార్టీల వాళ్లున్నారు, ఎన్నికల నెలలో ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. కానీ రాసుకున్న పుస్తకాలు, రసీదుల ఫైలు ఏ పార్టీ మనిషి ఇంట్లోనూ పెట్టకండి. అధికారం మారిన మర్నాడు అవి కనిపించకుండా పోతాయి. మావి ఆ కుట్టుమిషను అక్క ఇంట్లో, బీరువాలో చీరల కింద ఉంటాయి. ఆమె ఏ పార్టీకి ఓటేస్తుందో ఇన్నేళ్లయినా మాలో ఒక్కరికీ తెలియదు, ఆమె భర్తతో సహా.