సమాధానం: లీడ్‌ని చేశాక కూడా ప్రతిదానికీ నన్నే అడుగుతోంది

మీ కొత్త టీమ్ లీడ్‌కి పని అప్పగించారు గానీ నిర్ణయం మీ దగ్గరే ఉంచుకున్నారు. ఆమె రెండు నెలలైనా చిన్న విషయానికీ మీ దగ్గరికే వస్తోందంటే కారణం చాలావరకు ఇదే, చొరవ లేక కాదు. పోయిన మీటింగ్‌లో ఆమె చెప్పిన గడువును అందరి ముందే మార్చేశానని మీరే రాశారు కదా.

1. ఏయే విషయాల్లో ఆమెదే తుది మాటో రాసివ్వండి: పనుల పంపకం, సెలవులు, చిన్న గడువులు. డబ్బు వ్యవహారాలు కొన్నాళ్లు మీ దగ్గరే ఉండనివ్వండి.

2. అదే మాట టీమ్ మొత్తానికీ చెప్పండి, ఆమె ఎదుటే. ఎక్కువమంది వదిలేసేది ఈ పనే. ఆమెకొక్కదానికే చెబితే లాభం లేదు, సీనియర్లు ఆమెను దాటేసి మీ దగ్గరికి వస్తూనే ఉంటారు. అలా వచ్చినప్పుడు "ఆవిడని అడిగారా?" అని అక్కడితో ఆపేయండి. సమాధానం నోటి దాకా వచ్చినా సరే! నాకైతే ఇది అలవాటవడానికి చాలా కాలం పట్టింది. ఒక్కసారి మీరు జవాబిచ్చారా, రాసిచ్చిన కాగితం చెల్లనట్టే.

3. ఆమే అడగడానికి వస్తే ముందు "మీరైతే ఏం చేస్తారు?" అనండి. చెప్పింది పర్లేదనిపిస్తే, మీ పద్ధతి వేరైనా సరే, కానివ్వండి.

4. వారానికి అరగంట ఆమెకే కేటాయించండి, వాయిదా వేయొద్దు. తప్పులుంటే అక్కడే మాట్లాడండి. పైవాళ్లు అడిగితే మాత్రం "బాధ్యత నాదే" అనండి.