తాత మెడల్స్‌ని తూకం వేయించకు

హలసూరు, బెంగళూరు

చిరంజీవి కిరణ్‌కి, అత్త ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు రెండు రోజులుగా చూస్తూనే ఉన్నాను. మీ నాన్న పోయాక తాతల మెడల్స్ ఉన్న ఆ రేకు డబ్బా ఏమైందోనని టెన్షన్‌గా ఉండేది. అక్కకీ నీకూ వాటాలు తేలాలి కాబట్టి, "చిక్‌పేటలో వెండి కొట్టులో చూపించి వెల కట్టించనా అత్తా" అని అడిగావు. వద్దు నాయనా.

మా అత్తగారింట్లో ఏం జరిగిందో చెప్తాను. మీ మామయ్య వాళ్ళ తాత మొదటి ప్రపంచ యుద్ధంలో మెసపొటేమియా, అంటే ఇప్పటి ఇరాక్ వెళ్ళొచ్చిన సాపర్, అంటే సైన్యంలో ఇంజనీరు దళం సిపాయి. ఇంట్లో పెళ్ళి ఖర్చులకని ఆయన వెండి మెడల్‌ని పాత పట్టీలతో, కుంకుమ భరిణెతో కలిపి తూకానికి వేశారు. కొట్టతను తరుగు తీసి సుమారు 30 గ్రాముల వెండికి లెక్క కట్టాడు. అంచు మీద ఆయన పేరు, నంబరు ఉన్నాయని గుర్తొచ్చి మర్నాడు పొద్దున్నే పరిగెత్తాను. అప్పటికే కరిగించేశారు. ఆయన పేరున్న వస్తువు ఆ ఇంట్లో ఇంకొకటి లేదు.

అందుకే ముందు అంచు చూడు. నీ మూడో ఫోటోలో గుండ్రంగా ఉన్నది, ఒకవైపు బ్రిటిష్ రాజు ఐదో జార్జి తల, వెనక గుర్రం మీద మనిషి, 1914, 1918 అంకెలు, అది బ్రిటిష్ వార్ మెడల్. భూతద్దం పెట్టి, పగటి వెలుతురులో అంచు చుట్టూ తిప్పుతూ చదువు. నంబరు, హోదా, పేరు, దళం వరుసగా ఉంటాయి. మా తాత, అంటే మీ ముత్తాత పేరు కనిపించాలి. ఈ మెడల్‌నే యుద్ధానికి వెళ్ళిన కూలీ దళాల్లో చాలామందికి కంచుతో చేసి ఇచ్చారు. అవి వెండివాటికన్నా తక్కువ దొరుకుతాయి కాబట్టి సేకరించేవాళ్ళు వాటికే ఎక్కువ ఇస్తారు. లోహాన్ని బట్టి వెల కట్టకూడదని నేననేది ఇందుకే.

ఇత్తడిలా మెరిసే ఆరు మూలల నక్షత్రాలు, భారతదేశ పటం ఉన్నది, రెండు తలల డ్రాగన్ మీద సింహం నిలబడినది, ఇవి మీ తాతవి, అంటే మా నాన్నవి. రెండో ప్రపంచ యుద్ధం నాటివి. మన సైనికులకి ఇచ్చిన నక్షత్రాల వెనక పేరు ఉండొచ్చు, అదీ చూడు. అయితే వెనక ఖాళీగా ఉన్నంత మాత్రాన నకిలీ అనుకోకు. లక్షల మందికి ఇచ్చారు కాబట్టి విడిగా అమ్మితే పెద్దగా రాదు. పేరు లేనివాటికి విలువంతా కాగితాల్లో ఉంటుంది. డిశ్చార్జి సర్టిఫికెట్, పే బుక్, పెన్షన్ కాగితాలు, యూనిఫాంలో దిగిన ఫోటో, యుద్ధం నుంచి రాసిన ఉత్తరాలు, చిరిగినదైనా సరే, ఒక్కటీ పారేయకు. ఈ మెడల్స్ ఫలానా మనిషివని చెప్పేవి అవే. ఆ నక్షత్రాల్లో బర్మా యుద్ధానికి ఇచ్చిన బర్మా స్టార్ పేరు లేకుండా ఒకటే ఉంటే, అలాంటివి వేలున్నాయి. బర్మాలో పనిచేసినట్టు రాసున్న కాగితం దాని పక్కనుంటే అది మీ తాతదే.

తోమకండి. పండగకి పూజ సామానుతో పాటు చింతపండు, విభూది పెట్టి రుద్దితే అక్షరాలు అరిగిపోతాయి, సేకరించేవాళ్ళు అది చూడగానే ధర తగ్గిస్తారు. రిబ్బన్లు మాసినా మార్చొద్దు.

నెట్‌లో ఎవరో లక్ష చెప్పారని మనదీ లక్ష కాదు. అడిగే ధర ఎవరైనా ఎంతైనా పెట్టుకోవచ్చు, నిజంగా అమ్ముడుపోయిన ధరే చూడాలి. లండన్‌లో నూనన్స్ అనే వేలంశాల పాత వేలాల ధరలు అందరికీ కనిపించేలా పెడుతుంది. అదే మెడల్, అదే దళం, పేరున్నదా లేదా చూసి పోల్చుకో. అందులోంచి వేలంశాల కమీషన్ పోతుందని గుర్తుంచుకో. అయితే అక్కడికి పంపేద్దామని మాత్రం అనుకోకు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండినది పురావస్తువు కిందికి వస్తుంది, దాన్ని మనం దేశం దాటించకూడదు. మా తాత మెడల్‌కి ఆ వయసు వచ్చేసింది. ఇక్కడే నాణేలు, మెడల్స్ కొనేవాళ్ళు ఇద్దరు ముగ్గురికి చూపించు. డబ్బా ఎవరి దగ్గరా వదిలి రాకు.

మద్రాస్ సాపర్ల కేంద్రం మన హలసూరు చెరువు దగ్గరే కదా. అంచు మీద గానీ కాగితాల్లో గానీ ఆ దళం పేరుంటే, నంబరు, హోదా, పేరు రాసి అక్కడి రికార్డ్స్ ఆఫీసుకి ఉత్తరం పెట్టు. లోపల మ్యూజియం కూడా ఉంది, చూడాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి.

వాటాల సంగతి. నీకు రెండు, అక్కకి మూడు అని పంచుకోవద్దు, ఈ ఒక్క మాట నాకోసం వినండి. విడగొడితే వెలా పోతుంది, ఎవరివో కూడా తెలియకుండా పోతుంది. వెల తేల్చుకుని డబ్బా మొత్తం ఒకరు ఉంచుకోండి, రెండోవాళ్ళకి సగం డబ్బు ఇవ్వండి. నన్నడిగితే అక్కే ఉంచుకోవాలి. చిన్నప్పుడు తాత పక్కన కూర్చుని ఆ కథలన్నీ విన్నది అదే.

ఆదివారం ఇద్దరూ డబ్బా తీసుకుని భోజనానికి రండి. మీ తాత ఫోటో ఒకటి నా బీరువాలో ఉంది. ఛాతీ మీద ఏ మెడల్ పక్కన ఏది పెట్టుకున్నారో అందులో స్పష్టంగా కనిపిస్తుంది.

మీ అత్త