చిన్నీ, సాక్షుల బత్తా పద్దు చూడకుండా రిపోర్టు రాయొద్దు

చిన్నీ,

బెంగళూరులో ఆ కంపెనీ లాయర్ ఉద్యోగం మానేసి, పార్లమెంటు మీదా పోలింగ్ బూత్‌ల మీదా దాడులు జరిగాక ప్రభుత్వాలు సెక్యూరిటీకి ఎంతిచ్చాయి, కేసులు నడపడానికి ఎంతిచ్చాయి అని ఏడాది పాటు లెక్కలు తీస్తావంట కదా, మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. తిడుతున్నాడో మురిసిపోతున్నాడో నాకర్థం కాలా. నాకైతే రెండూ ఉన్నాయి. ఈ మద్రాసు ఉక్కలో నిద్ర పట్టక టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకో.

మామూలు సంగతులు నీకు తెలుసు. బడ్జెట్లో వేసిన అంకె చూసి ఆగొద్దు, రెండేళ్ల తర్వాత అసలు ఖర్చు వస్తుంది, అది చూడు. ఆర్టీఐ రసీదులు దాచుకో. ఎవరిచ్చినా కోర్టు ఫైలు ఇంటికి తీసుకెళ్లొద్దు.

అమెరికాతో మొదలెడతావంట, మంచిదే. 2021 జనవరి 6న ట్రంప్ మనుషులు వాళ్ల పార్లమెంటు భవనం క్యాపిటల్ మీద పడితే, సెక్యూరిటీ ఖర్చులకని చేసిన 210 కోట్ల డాలర్ల చట్టం మీద బైడెన్ సంతకం జులై నెలాఖరుకి గానీ పడలా, దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు. అప్పటికి క్యాపిటల్ పోలీసుల జీతాలకే డబ్బులు అయిపోవచ్చాయి. అందులోనూ సగం తమకి సాయం చేసి అఫ్గానిస్తాన్ నుంచి వచ్చేవాళ్ల ఖర్చు, 52 కోట్లు కాపలాకి దిగిన నేషనల్ గార్డ్ అనే రిజర్వు సైన్యం బాకీ, 30 కోట్లు తలుపులకీ కిటికీలకీ కెమెరాలకీ. 2022 డిసెంబర్ బిల్లులో అటార్నీల, అంటే వాళ్ల ప్రభుత్వ ప్రాసిక్యూటర్ల, ఆఫీసులకి జనవరి 6 కేసుల పేరు కూడా చెప్పి పెంచారు, మొత్తం 260 కోట్ల పైచిలుకు, కానీ అది దేశంలో అన్ని కేసులకీ కలిపి. మొత్తం ఈ కేసులకే అని రాశావో, నీ పరువు పోద్ది. 2025 జనవరి 20న ట్రంప్ ఆ దాడి కేసుల్లో దాదాపు 1500 మందికి క్షమాభిక్ష పెట్టాడు కాబట్టి ఖర్చంతా దండగ అని కూడా రాయకు, కోర్టులో ప్రమాణం చేసి చెప్పిన సాక్ష్యం క్షమాభిక్షతో చెరిగిపోదు.

ఇప్పుడు అసలు మాట. నేను బెంచ్ క్లర్కుగా ఉన్నప్పుడు మా కోర్టుకి ఒక స్కూల్లో పెట్టిన బూత్ కేసు వచ్చింది, గుంపు లోపలికి దూరి బ్యాలెట్ పెట్టెలు పగలగొట్టింది. నెల తిరక్కుండా ఆ స్కూలుకి కాంపౌండ్ గోడ, ఇనప గేటు, పోలీసు పికెట్ అన్నీ వచ్చాయి, మంత్రి వచ్చి ఫోటో కూడా దిగాడు. ముఖ్య సాక్షి ప్రిసైడింగ్ ఆఫీసరుగా ఉన్న అయ్యవారు, ముక్కుసూటి మనిషి. వాయిదా పడ్డ ప్రతిసారీ సెలవు పెట్టుకుని బస్సులో వచ్చేవాడు, టికెట్లన్నీ గుండుసూదికి గుచ్చి నా బల్ల మీద పెట్టేవాడు. సాక్షికి ఇచ్చే రానుపోను ఖర్చు, అదే బత్తా, దాని బిల్లు పంపితే ఆఫీసులో సూపరింటెండెంటు ఏదో సంతకం లేదని అబ్జెక్షన్ వేసి తిప్పి పంపేవాడు, మళ్లీ పంపితే ఆ పద్దులో డబ్బుల్లేవనేవాడు. గేటుకి రంగు వెయ్యడానికి మాత్రం ఉండేవి! అవతలి వాళ్లు మాత్రం అయ్యవారికి కోర్టు బయట టీ ఇప్పించేవాళ్లు, ఊరికి కారులో దింపుతామనేవాళ్లు. చివరికి బోనెక్కి, చీకట్లో మొహాలు సరిగ్గా కనపడలేదండి అన్నాడు. పట్టపగలు జరిగిన గొడవ అది. ప్రభుత్వం తరఫు లాయరు పీపీ, సాక్షి ఎదురు తిరిగాడని, హోస్టైల్ అని రాయించి కూర్చున్నాడు, ముద్దాయిలందర్నీ వదిలేశారు. అయ్యవార్ని అందరూ తిట్టారు గానీ ఆ సూపరింటెండెంటుని ఒక్కరూ అడగలా, ఇప్పటికీ నాకు ఒళ్లు మండుద్ది.

తలచుకుంటే మనవాళ్లకీ చేతనవును. 2001 డిసెంబర్ 13న పార్లమెంటు మీద దాడి జరిగితే ఏడాదికల్లా స్పెషల్ కోర్టు తీర్పొచ్చింది. కాబట్టి ప్రతి రాష్ట్రంలోనూ సాక్షుల బత్తా పద్దు అడుగు, సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకున్న సాక్షుల రక్షణ స్కీములో నిధి పెట్టమని ఉంది, అందులో ఎంత వేశారు ఎంత తీశారు అడుగు. లేదని జవాబిస్తే లేదన్న కాగితమే నీ రిపోర్టులో పెట్టు.

ఇంకోటి, ఇది బతిమాలి చెప్తున్నా. సాక్షుల పేర్లు, ఊర్లు రాయొద్దు, కేసు కొట్టేసినా సరే రాయొద్దు. నువ్వు రిపోర్టు ఇచ్చేసి బెంగళూరు వెళ్లిపోతావు, వాళ్లు అదే వీధిలో ఉండాలి. జిల్లా కోర్టులకి ఒంటరిగా రాత్రి బస్సుల్లో తిరగొద్దు, పోట్లాడినా సరే, ఎవర్నన్నా వెంటబెట్టుకో. డబ్బులు తక్కువైతే మీ నాన్నకి చెప్పకుండా నాకు చెప్పు, పెన్షన్ మొదటి తారీఖుకే పడుద్ది. మొదటి డ్రాఫ్టు మాత్రం ప్రింట్ తీసి పోస్టులో పంపు, ఫోన్లో అంకెలు నా కళ్లకి ఆనవు.

పెదనాన్న