టీచర్ ఉద్యోగం మానేసి జడ్పీటీసీకి నిలబడొచ్చా?

ప్రశ్న: మాది అనకాపల్లి జిల్లా. అమ్మాయి 2012 డీఎస్సీలో ఎస్జీటీగా (ప్రాథమిక పాఠశాల టీచర్‌గా) ఎంపికైంది. ఇప్పుడు రాజీనామా చేసి జడ్పీటీసీకి నిలబడతానంటోంది. వంగలపూడి అనిత గారూ టీచరే కదా అంటోంది. పొలం అమ్మి కోచింగ్ ఇప్పించాం. దాని జీతంతోనే తమ్ముడి బీటెక్ గడిచింది. ఇప్పుడిలా చేస్తే నలుగురిలో తలెత్తుకోలేం. ఉద్యోగమా, రాజకీయమా? పోల్చి చెప్పండి. – ఒక తండ్రి

అయ్యా, ఇలాంటి ఉత్తరాలు తరచూ వస్తుంటాయి. అడిగేది ఉద్యోగం గురించే అయినా, ఓడిపోతే పిల్ల గతేమిటన్నదే అసలు టెన్షన్. అది న్యాయమైన భయమే.

అనిత గారు 2014లో పాయకరావుపేటలో గెలిచారు. 2019లో కొవ్వూరులో ఓడిపోయారు. 2024లో మళ్లీ పాయకరావుపేట నుంచే గెలిచి హోంమంత్రి అయ్యారు. అందరూ మొదటిదీ చివరిదీ చెప్పుకుంటారు, మధ్యలో ఆ ఐదేళ్ల మాట ఎత్తరు. ఎమ్మెల్యే పదవి లేదు, వదిలేసిన ఉద్యోగం తిరిగి రాదు. అయినా రోజూ జనంలో ఉండాలి, వెంట వచ్చేవాళ్లను చూసుకోవాలి, ఇల్లూ గడవాలి. ఇంతా చేస్తే మళ్లీ టికెట్ వస్తుందన్న హామీ లేదు. టీచర్‌కు ఊళ్లో ఉన్న మంచిపేరు ఓట్లుగా మారుతుందని చాలామంది నమ్ముతారు. నాకు ఆ నమ్మకం తక్కువ. సార్, మేడమ్ అని నమస్కారం పెట్టినవాళ్లే పోలింగ్ రోజు పార్టీ గుర్తు చూసి ఓటేస్తారు. సర్పంచ్ ఎన్నిక పార్టీ గుర్తులు లేకుండా జరుగుతుంది గానీ, జడ్పీటీసీ పార్టీ గుర్తుల మీదే నడుస్తుంది.

రిజర్వేషన్ సంగతి ఇంకా ముఖ్యం. స్థానిక సంస్థల్లో సగం సీట్లు మహిళలవే అయినా, మీ మండలం ఏ వర్గానికి పడుతుందో ఎన్నికల ముందుగానీ తేలదు. ఆ జాబితా రాకముందే రాజీనామా ఇస్తే రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది. అలాగని చివరి రోజు దాకా ఆగితే కుదరదు. రాజీనామా ఇవ్వగానే సరిపోదు, నామినేషన్ల పరిశీలన నాటికి దాన్ని ఆమోదించిన ఉత్తర్వు చేతిలో ఉండాలి. ఆమె సీపీఎస్ ఉద్యోగి, అంటే పాత పెన్షన్ కాకుండా జీతంలోంచి నెలనెలా పెన్షన్ ఖాతాలో జమయ్యే పద్ధతి. మధ్యలో మానేస్తే జమైనదాంట్లో ఎక్కువ భాగం పెన్షన్ ప్లాన్ కొనడానికే పోతుంది, చేతికొచ్చేది కొంతే.

ఇక మీ సంగతి. పొలం అమ్మిన మాట ఎన్నాళ్లు అంటారు? తమ్ముడి చదువు ఆమె జీతంతోనే గడిచిందని మీరే రాశారు. ఆ బాకీ ఎప్పుడో తీరిపోయింది. పరువు మాట ఎత్తకండి. పదేళ్లకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి తన మండలానికి పని చేస్తానంటే తల దించుకోవాల్సిందేముంది? ఆమె తెలివితక్కువది కాదు. మీరు అరిస్తే మాత్రం పంతానికి పోయి రేపే రాజీనామా రాసిస్తుంది.

సర్వీసులో ఉంటూనే ఉపాధ్యాయ సంఘంలో పని చేయొచ్చు. 2025లో ఉత్తరాంధ్ర టీచర్ ఎమ్మెల్సీగా గెలిచిన గాదె శ్రీనివాసులు నాయుడు గారు అలా సంఘం నుంచి వచ్చినవారే. అక్కడ ఓటర్లు హైస్కూలు, ఆపై స్థాయి టీచర్లే. ఎస్జీటీగా ఆమెకు ఓటు ఉండదు గానీ, 30 ఏళ్లు నిండితే పోటీకి అది అడ్డు కాదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పార్టీ కండువాతో ఫోటో దిగి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దని చెప్పండి. ప్రవర్తనా నియమాల కింద చర్య తీసుకోవచ్చు.

ఈ ఆదివారం ఆమెను కూర్చోబెట్టి నెమ్మదిగా అడగండి: టికెట్ ఇస్తామన్నది ఎవరు, ఖర్చు ఎవరిది, ఓడితే రెండేళ్లు ఇల్లు ఎలా గడుస్తుంది? ఈ మూడింటికీ ఆమె దగ్గర జవాబుంటే, రిజర్వేషన్ జాబితా వచ్చాక రాజీనామా పత్రం మీరే దగ్గరుండి రాయించండి.