ఎయిర్ రైఫిల్ స్టాక్ (భుజానికి ఆనించి చెంప వాల్చే వెనక భాగం) మన ఒంటికి సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది?

ముందు రైఫిల్ ఖాళీగా ఉందని చూసుకోండి. కళ్లు మూసుకుని భుజానికి ఆనించి, చెంప స్టాక్ మీద వాల్చి, అప్పుడు కళ్లు తెరవండి. వెనక సైటు (గురి చూసే అమరిక) రంధ్రంలో ముందు సైటు నడిమధ్యన కనిపిస్తే సరిపోయినట్టే, తల ఎత్తాల్సో నొక్కాల్సో వస్తే చీక్‌పీస్ (స్టాక్ మీద చెంప ఆనే ముక్క) ఎత్తు మార్చాలి.

విజయనగరంలో మా అమ్మాయి 10 మీటర్ల ప్రాక్టీసు మొదలుపెట్టినప్పుడు పెద్దవాళ్ల కొలతకి బిగించిన రైఫిలే చేతికిచ్చారు, పాపం, ట్రిగ్గర్ అందక మెడ ముందుకి సాచి నిలబడేది, గంటకే భుజం పట్టేసేది. బట్‌ప్లేట్‌ని (స్టాక్ చివర భుజానికి ఆనే పలకని) 2 సెంటీమీటర్లు లోపలికి జరిపాక మెడ నిటారైంది, చూస్తే నాకే ప్రాణం లేచొచ్చింది.

షూటింగ్ జాకెట్ వేసుకునే కొలవండి. అది బాగా దళసరి, టీషర్టు మీద చూసిన కొలత దాంతో కుదరదు. ఒకసారికి ఒక్క స్క్రూయే తిప్పండి, పాత కొలత పుస్తకంలో రాసి ఉంచుకోండి.